యూరియా బస్తా మోసిన ఆటబండి: ఒక చవక ఏటీవీ మరమ్మతు కేసు

ఈ బండి నా షెడ్డుకు రాలేదు, నేనే దాని దగ్గరికి పోయాను. ఇలాంటి చీనా ఏటీవీలకు, అంటే బుడ్డ టైర్లతో మట్టిలో తిరిగే నాలుగు చక్రాల ఆటబండ్లకు, రిజిస్ట్రేషను ఉండదు, నంబరు ప్లేటు ఉండదు, రోడ్డెక్కిస్తే పట్టుకుంటారు. ట్రాలీ ఆటోలో తెప్పిద్దామంటే రానూపోనూ కిరాయికే నా కూలి సరిపోతుంది. అందుకే వికారాబాదు నుంచి తాండూరు పోయే వైపున్న ఆ తోటలోనే, పశువుల కొట్టం పక్క రేకుల కింద పని పెట్టుకున్నాం. జూన్‌లో మొదలైన పని దసరా దాటాక గానీ ఒక దారికి రాలేదు. అందులో సగం ఆలస్యం నా తప్పు వల్లే. అదీ రాస్తాను.

తోట యజమాని హైదరాబాదులో ఉద్యోగం చేస్తారు, శనాదివారాలు వస్తారు. పిల్లలు నడుపుకుంటారని ఆన్‌లైన్‌లో 125 సీసీ ఏటీవీ కొన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అది తోట చూసుకునే అతని చేతిలో ఉండేది. ఆయన ఫోనులో చెప్పింది రెండే ముక్కలు. ఇంజిను పోయింది, కొత్తది ఎంతవుతుందో చెప్పు. చేసేటప్పుడే ముందు బంపరు, ఇంజిను కింద గట్టి గార్డు, ఎల్‌ఈడీ లైట్లు కూడా పెట్టెయ్యి.

ఇంజిను మీద 154ఎఫ్ఎంఐ అని గుద్ది ఉంది. చూడగానే ధైర్యం వచ్చింది. ఆ గుర్తులో 1 అంటే ఒక సిలిండరు, 54 అంటే మిల్లీమీటర్లలో బోరు, ఎఫ్ అంటే గాలితో చల్లబడేది, ఐ అంటే 125 తరగతి. ఇది హోండా కబ్ బండ్ల పడుకున్న ఇంజినుకు నకలు. మన దగ్గర 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100 లోని 97.2 సీసీ ఇంజినుదీ అదే వంశం. ఇరవై ఏళ్ళుగా నేను విప్పుతున్న ఇంజిన్లకు ఇది దూరపు చుట్టం. ఆయిలు ఉంటే అంత తొందరగా చావదు.

చావలేదు కూడా. సెల్ఫు తిరుగుతోంది, ప్లగ్గులో నిప్పు లేదు. ఇలాంటి బండికి ఇంజిను ఆపే స్విచ్చులే మూడు ఉంటాయి: హ్యాండిలు మీద ఒకటి, నడిపేవాడి నడుముకు కట్టుకునే తాడుది ఒకటి, సీటు కింద రిమోటు పెట్టె ఒకటి. సీడీఐ, అంటే ప్లగ్గుకు నిప్పు పంపే పెట్టె నుంచి వచ్చే నలుపు తెలుపు తీగను ఈ మూడింటిలో ఏది బాడీకి తగిలించినా నిప్పు ఆగిపోతుంది. ఆ తీగ కనెక్షను విప్పి సెల్ఫు కొట్టాను, నీలంగా నిప్పు పడింది. రిమోటు పెట్టె మూత తీస్తే లోపల చెంచాడు నీళ్ళు. బండి కడిగిన మర్నాటి నుంచి స్టార్టు కావట్లేదని తోట అతను అప్పుడు చెప్పాడు. పెట్టె పీకేశాను. తాడు స్విచ్చు మాత్రం పీకలేదు. పిల్లలు కిందపడితే బండి ఆగేది దానివల్లే, అది పనిచేయకపోతే నేను బండి అప్పగించను.

ఇరవై నిమిషాల్లో "పోయిన ఇంజిను" దొరికింది. అక్కడితో డబ్బులు తీసుకుని రావచ్చు. కానీ కొట్టం గడప దాటించడానికి వెనక పట్టుకుని ఎత్తినప్పుడు కుడి చక్రం నా చేతిలో టకటకమంది.

విప్పితే కనబడ్డవి

ఇటుకలు పేర్చి బండిని లేపి, ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. వెనక ఇరుసు ఒకే కడ్డీ, డిఫరెన్షియలు లేదు, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. చక్రం హబ్బు ఇరుసు పళ్ళ మీద కూర్చుంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఒక కిరీటం నట్టు, ఆ నట్టు ఊడకుండా ఒక స్ప్లిట్ పిన్ను. కుడివైపు స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట స్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ తీగ చుట్టి ఉంది. నట్టు చేత్తో తిరిగింది. హబ్బు పళ్ళు సగం అరిగాయి. ముందువైపు ఎడమ చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ఏ-ఆర్ము బోల్టుకు నట్టే లేదు. స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే టై రాడ్డు ఒకటి వంగింది. వెనక సీటు ఫ్రేము పైపుకు, క్యారియరు బిగించిన చోట, వేలి గోరు దూరేంత బీట.

ఎక్కడో ఒకచోట వదులైతే బోల్టు నాసిరకం అనుకోవచ్చు. ఇన్నిచోట్ల వదులైందంటే ఏదో బండిని లోపలి నుంచి దులుపుతోందన్నమాట. టైరు నొక్కి చూశాను. రాయిలా ఉంది. గాలి ఎక్కడ పట్టిస్తున్నారని అడిగాను.

"ఊళ్ళె పంక్చరు షాపుల అన్నా. స్కూటరు లెక్కనే 25 పెట్టమన్న."

దొంగ దొరికాడు. ఈ బుడ్డ టైర్లకు, అంటే ముందు 19×7-8, వెనక 18×9.5-8 సైజు వాటికి, సుమారు 5 పీఎస్ఐ చాలు. టైరు పక్క గోడ మీదే రాసి ఉంటుంది, ఎవరూ వంగి చదవరు. స్కూటరుకు టైరు వేరు, షాకబ్జార్బరు వేరు. దీనికి మెత్తటి టైరే సగం షాకబ్జార్బరు. 25 పట్టిస్తే ప్రతి గులకరాయీ సూటిగా బోల్టుల మీదికి వస్తుంది. పైగా పంక్చరు షాపు గేజీలో ముల్లు 10 దగ్గర మొదలవుతుంది, 5 కొలవాలన్నా కుదరదు. 0 నుంచి 15 దాకా చూపే చిన్న గేజీ ఒకటి తెప్పించి తోటలోనే వదిలాను. మొత్తం పనిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసింది మరొకటి లేదు.

రెండో దొంగ క్యారియరు. పాత ఇనుప కోణాలతో ఎవరో వెల్డింగు చేసి వెనక బిగించారు. యూరియా బస్తా 45 కిలోలు, దాని మీద ఒక్కోసారి మందు కొట్టే పంపు. వెనక ఇరుసుకన్నా అవతలికి వేలాడే బరువది. అంత బరువు అక్కడ పడితే ఫ్రేము చీలుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి.

"బస్తా ఏస్తె ఎక్కుడు కాడ ముందర లేస్తుందన్నా, గందుకే నేను ముందల్కి వంగి కూసుంట" అన్నాడు. ఏదో ఉపాయం చెప్తున్నట్టే చెప్పాడు. గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి తిరగబడితే బస్తాతో సహా బండి ఎవరి మీద పడుతుందో అప్పుడు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

బోల్టులు, బేరింగులు, ఒక బీట

మొదట బోల్టులు. బండితో వచ్చిన వాటి తలల మీద గట్టిదనం చెప్పే ఏ అంకే లేదు. ఏ-ఆర్ములు, స్టీరింగు, ఇరుసు దగ్గరున్న ఎం8, ఎం10 బోల్టులన్నీ తీసి 8.8 అని గుద్దినవి వేశాను. ఎం8కు 25 న్యూటన్ మీటర్లు, ఎం10కు 45 చొప్పున టార్కు పానాతో బిగించాను. ఊగే కీళ్ళకు నైలాన్ నట్లు, మిగతావాటికి మర మీద నీలం రంగు లాకింగు మందు ఒక చుక్క. ఎర్రది వద్దు, రేపు విప్పాలంటే గ్యాసు మంట పెట్టాలి. ఎక్కువ బిగిస్తే ఎక్కువ గట్టి అనుకునే కుర్రవాళ్ళు నా షెడ్డులోనూ ఉన్నారు. చిన్న బోల్టును అలా బిగిస్తే మర సాగి, అదే వదులవుతుంది.

ప్రతి నట్టు మీదుగా ఫ్రేము దాకా ఒక గీత గీశాను. మార్కరు దొరక్కపోతే తోట అతని భార్య గోళ్ళ రంగు సీసా ఇచ్చింది. గీత తెగి కనిపిస్తే నట్టు తిరిగినట్టు. చదువు రాకపోయినా చూడగలిగే గేజీ అది.

ముందు హబ్బుల్లో 6202 బేరింగులు, తుప్పు నీళ్ళు కారుతున్నాయి. ఈ నంబరు సీలింగు ఫ్యానుల్లోనూ ఉంటుంది కాబట్టి ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. అయితే ఫ్యాను బేరింగు అంటే కొట్టువాడు ఇనుప మూతది, జెడ్‌జెడ్ ఇస్తాడు. దాని అంచున సన్నటి సందు ఉంటుంది. మనకు రబ్బరు మూతది, 2ఆర్ఎస్ కావాలి. వెనక ఇరుసుకు 6006, అదీ రబ్బరు మూతదే. కూర్చోబెట్టేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి, లోపలి రింగు మీద కొడితే గుండ్లు గుంటలు పెట్టుకుని కొత్త బేరింగే నెలలో కూస్తుంది. బేరింగు బయట మిగిలిన ఖాళీలో కూడా గ్రీజు కూరాను. నీటికి చోటు లేకపోతే నీరు రాదు.

అరిగిన హబ్బు బాగుచేయడం నా వల్ల కాదు, కొత్తది తెప్పించాం. టై రాడ్డు కూడా కొత్తదే. వంగినదాన్ని సుత్తితో సరిచేసి పెట్టమని యజమాని అడిగారు, చెయ్యనన్నాను. ఒకసారి వంగి తిన్నగైన ఇనుము రెండోసారి చెప్పి విరగదు. స్టీరింగుకు సంబంధించిన ఏ ముక్కనూ నేను వంచను, వెల్డింగు చెయ్యను.

ఫ్రేము బీట వేరే సంగతి. అది బరువు మోసే పైపు, దాన్ని అతకవచ్చు. బ్యాటరీ తీగలు, సీడీఐ, రెగ్యులేటరు అన్నీ విప్పాకే వెల్డింగు పెట్టాలి, లేకపోతే ఆ కరెంటుకు అవి మాడతాయి. ఎర్తు క్లాంపును బీట పక్కనే, శుభ్రంగా రాకిన చోట పట్టించాను. దూరంగా చక్రానికి పట్టిస్తే కరెంటు బేరింగు గుండ్లలోంచి పోతుంది. బీట చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపి, గాడి కోసి నింపి, పైన చేప ఆకారపు రేకు అతుకు వేశాను. అతుకు చివరలు కోసుగా ఉంటే బరువు మెల్లగా పంచుకుంటుంది. చతురస్రంగా కోస్తే అంచు దగ్గరే మళ్ళీ చీలుతుంది.

టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, చల్లటి ఇంజిను మీద 0.05 మిల్లీమీటర్లకు పెట్టాను. ఎగ్జాస్టుది పూర్తిగా బిగిసి ఉంది, అలా ఉంటే వేడిమీద బండి స్టార్టు కావడం కష్టం. ఈ ఇంజినులో మార్చే ఆయిల్ ఫిల్టరు ఉండదు, జల్లెడ ఒకటీ, క్లచ్చు వైపు మురికిని విసిరే గిన్నె ఒకటీ ఉంటాయి. కాబట్టి ఆయిలు తొందరగా మార్చడమే ఫిల్టరు. తడి క్లచ్చు, అంటే ఇంజిను ఆయిల్లోనే మునిగి తిరిగేది గనక కారు ఆయిలు పోయకూడదు, డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని ఉన్న 20డబ్ల్యూ-40 బైకు ఆయిలు 800 మిల్లీలీటర్లు పట్టింది.

గార్డు: నేను చేసిన తప్పు

యజమానికి ఇంజిను గార్డు మీద మనసు. నాకూ ఉత్సాహమే, రేకు పని చేసి చాలా రోజులైంది. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు 60 సెంటీమీటర్లు పొడవు, 50 వెడల్పు కోసి, పక్కలు పైకి మడిచి తొట్టిలా చేసి, కింద బిగించాను. ఏడు కిలోలు వచ్చింది. నల్ల రంగు కొట్టాక చూడ్డానికి మిలిటరీ బండిలా ఉంది. ఫోటోలు తీసుకున్నాం.

ఆగస్టులో ఫోను. కాలిన వాసన, పొగ. పోయి చూస్తే తొట్టి నిండా నల్లరేగడి. ఆ తోట పైభాగం ఎర్ర గరప నేల, కింద వాగు వైపు రేగడి. వాన పడ్డాక రేగడి చక్రానికి అంటుకుని ఎగిరి తొట్టిలో పడింది, గడ్డితో కలిసింది, ఎండి ఇటుకైంది. గాలితో చల్లబడే ఇంజిను కింద, సైలెన్సరు పైపును ఆనుకుని, ఎండుగడ్డి కలిసిన ఇటుక. మంట అంటుకోకపోవడం మా అదృష్టం. ఆయిలు తారులా నల్లబడింది. దాన్ని మారుద్దామంటే గార్డు బోల్టుల తలలు రాళ్ళకు అరిగి గుండ్రమయ్యాయి, పానా జారింది. గ్రైండరుతో కోసి విప్పాల్సి వచ్చింది.

ఇంకో సంగతి ఆరోజే గమనించాను. ఆ తొట్టి అడుగున పెద్ద సొట్ట ఒక్కటీ లేదు. దెబ్బలన్నీ వెనక ఉన్నాయి: బ్రేకు డిస్కు అంచు వంగింది, చైను చక్రం పళ్ళు రెండు కొరిగాయి. నేలకు అన్నిటికన్నా దగ్గరున్నది ఇంజిను కాదు. వెనక టైరు మొత్తం ఎత్తు 18 అంగుళాలు, అంటే ఇరుసు నేలకు 21 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. 37 పళ్ళ, 428 సైజు చైను చక్రం ఇరుసు కిందికి ఏడున్నర సెంటీమీటర్లు దిగుతుంది. 13 సెంటీమీటర్ల రాయి చాలు. షాకబ్జార్బరు పైకి లేచినా ఇరుసు లేవదు, అది టైరుతోనే ఉంటుంది. ముందే టేపు పెట్టి కొలవాల్సింది, కొలవకుండా అందరూ వేసేచోట వేశాను.

రెండోసారి వెనక నుంచి మొదలుపెట్టాను. 5 మిల్లీమీటర్ల మందం, 40 వెడల్పు ఫ్లాటు పట్టీలు రెండు వేడిచేసి వంచి, ఒకటి చైను చక్రం కింద, ఒకటి డిస్కు కింద పడవ అడుగులా వచ్చేలా బేరింగు డబ్బా బోల్టులకే పట్టించాను. నాలుగు వైపులా ఖాళీ. రాయి తగిలితే పట్టీ మీద జారిపోతుంది, బురద నిలవదు. ఇంజిను కింద 4 మిల్లీమీటర్ల అల్యూమినియం చెక్కర్డు రేకు, చదునుగా, మడతలు లేకుండా, ఇంజినుకు రెండు వేళ్ళ సందు వదిలి. అదే కొలత, మూడు కిలోల చిల్లర. వేలు దూరేంత రంధ్రాలు వరసగా, ఆయిలు బోల్టు కింద గుప్పెడంత రంధ్రం. ఫ్రేము పైపుకు రంధ్రాలు వేయకుండా యూ-క్లాంపులు వాడాను. ఇనుము, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తినకుండా మధ్యలో రబ్బరు పెట్టాను. తాండూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీల పాత కన్వేయరు బెల్టు తుక్కు కొట్లలో దొరుకుతుంది, లోపల గుడ్డ పొర ఉంటుంది, చాకుకు ఒక పట్టాన లొంగదు. మిగిలిన ముక్కతో వెనక మడ్ గార్డులకు బురద ఆపే రబ్బరు తెరలు వేలాడదీశాను.

ముందు బంపరు వెయ్యలేదు. ఆయన అడిగిన లైట్లు కూడా రెండు చిన్నవే పెట్టాను. ఈ బండి స్టేటరు, అంటే ఇంజినులో కరెంటు పుట్టించే చుట్ట, ఇచ్చే కరెంటు తక్కువ, పెద్ద పట్టీ లైటు వేస్తే బ్యాటరీ తినేస్తుంది. ఇప్పుడు ఇంజిను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు చూపిస్తోంది, లైట్లు వేసినా 13 దిగదు.

దుమ్ము, ఎలుకలు

గాలి ఫిల్టరు వెనక చక్రం ఎగరేసే దుమ్ములోనే ఉంది. స్పాంజి పొడిగా, తెల్లగా ఉంది. కార్బొరేటరు నోట్లో వేలు పెట్టి తిప్పితే ఎర్రగా గరగర. ఇంజినును నిజంగా చంపేది ఇదే, కాకపోతే చప్పుడు లేకుండా చంపుతుంది. స్పాంజిని కిరోసిన్లో, తర్వాత సబ్బునీళ్ళలో ఉతికి ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్లో ముంచి గట్టిగా పిండాలి. నూనె లేని స్పాంజి దుమ్మును ఆపదు. ఫిల్టరు అంచుకు గ్రీజు రాసి కూర్చోబెట్టి, రబ్బరు పైపుతో గాలి పీల్చేచోటును సీటు కిందికి ఎక్కించాను. ఆ పైపు కార్బొరేటరు నోటికన్నా లావుగా ఉండాలి, సన్నదైతే ఇంజిను ఊపిరాడక నల్ల పొగ వేస్తుంది. వారం నడిపాక ప్లగ్గు విప్పి చూశాను, ఇటుక రంగు.

వైర్ల మీద అనుకోని శత్రువు ఎలుక. గడ్డివాము పక్కన బండి పెడితే రెండు తీగలు తెగాయి. గడులున్న ప్లాస్టిక్ పైపులో తీగలన్నీ దూర్చి, కనెక్షన్లలో సిలికాన్ గ్రీజు నింపి, సీడీఐని ట్యాంకు కిందికి ఎత్తాను. బండిని గడ్డికి దూరంగా పెట్టమన్నాను. నీళ్ళతో కడగడం ఆపమని చెప్పినా వినరు కాబట్టి, ప్రెషరు గన్ను బేరింగుల మీదికి, సీటు కిందికి కొట్టొద్దని మాత్రం ఒప్పించాను.

టైర్లకు కంది కొయ్యకాళ్ళు పెద్ద బెడద. కంది కోసేటప్పుడు కత్తి ఏటవాలుగా పడుతుంది, మిగిలిన మోడు మేకులా నిలబడుతుంది. మెత్తటి టైరు లోపల సీలెంటు పోశాం, చిన్న పోట్లకు ఆగుతోంది. పక్క గోడలో దిగితే ఆగదు. కోసిన కంది చేనులోకి బండి తీసుకుపోవద్దనడం ఒక్కటే మందు.

ఇక యూరియా. క్యారియరు గట్టి చెయ్యమని తోట అతను రెండుసార్లు అడిగాడు, నేను దాన్ని కోసి తుక్కులో పడేశాను. దాని బదులు పాత స్కూటరు చక్రాలు రెండింటితో చిన్న ట్రాలీ చేశాను. కొండీని ఇరుసు మధ్యకన్నా కిందే పెట్టాను, ట్రాక్టరుకు కూడా లాగుడు కిందినుంచే ఉంటుంది. పైనుంచి లాగితే బండి ముందు లేస్తుంది. చదును నేల మీద రెండు బస్తాలు, వాగు దిగేటప్పుడు ఒక్కటే. ట్రాలీకి బ్రేకు లేదు, దిగుడులో అదే బండిని తోస్తుంది.

డబ్బులు మొత్తం మీద కొత్త ఇంజిను ధరలో సగం కూడా కాలేదు, నా మొదటి గార్డు రేకు, కూలి నేనే భరించాను. పోయినవారం వెళ్ళినప్పుడు గోళ్ళ రంగు గీతలన్నీ కలిసే ఉన్నాయి, ఒక్క ఎడమ ముందు కింగుపిన్ను, అంటే చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గర తప్ప. అక్కడ నట్టు తిరగలేదు, లోపలి ప్లాస్టిక్ బుష్షు అరిగి మొత్తం కీలే ఆడుతోంది. కొలతలు రాసుకొచ్చాను. లేతు దగ్గర ఇత్తడి బుష్షు తిప్పించి, గ్రీజు నిప్పిలు పెట్టి, వచ్చే ఆదివారం వెయ్యాలి.